అమెరికాలో ఏడాది చదివి తిరిగొచ్చిన పిల్ల ఇంట్లో ముభావంగా ఉంటే ఏం చేయాలి?

నరసన్నపేట దగ్గర పల్లె నుంచి ఒక తండ్రిగారు రాశారు. వాళ్లమ్మాయి పదో తరగతి అయ్యాక ఎక్స్ఛేంజ్ స్కాలర్‌షిప్ మీద అమెరికా వెళ్లింది. అయోవా రాష్ట్రంలో ఒక కుటుంబంతో ఉంటూ పది నెలలు అక్కడి హైస్కూల్లో చదివి జూన్‌లో తిరిగొచ్చింది. మొదటి రెండు వారాలు సందడిగానే ఉంది. ఆ తర్వాత గదిలోంచి బయటికి రావడం లేదు. ఏదడిగినా ఒక్క ముక్కలో జవాబు, రాత్రి ఒంటిగంట దాటినా అక్కడి వాళ్లతో ఫోన్లో మాటలు. జూనియర్ ఇంటర్‌లో చేర్చారు గానీ మనసు పెట్టడం లేదు, మళ్లీ అమెరికా వెళ్లిపోతానంటోంది. బంధువులేమో పొగరెక్కిందంటున్నారు. "ఫోన్ తీసేసుకుని హాస్టల్లో వేస్తే దారికొస్తుందా?" అన్నది ఆయన ప్రశ్న.

ముందు సూటిగా జవాబు చెప్తాను. ఫోన్ తీసుకోవద్దు, హాస్టల్లో వేయొద్దు. మీరు రాసినదాన్ని బట్టి అది పొగరు కాదు, జబ్బులా కూడా అనిపించడం లేదు. తిరిగొచ్చిన పిల్లల్లో చాలామంది ఇలాగే ఉంటారు. కొందరు కొన్ని నెలల్లో కుదుటపడతారు, కొందరికి ఏడాది పడుతుంది. ఈలోపు మీ చేతిలో ఉన్న పెద్ద పని ఒకటుంది. అక్కడ ఆ పిల్ల మోసిన బాధ్యతని ఇక్కడ కూడా ఆమె చేతికివ్వండి. మిగతావన్నీ దీని తర్వాతే.

నేను విజయనగరంలో ఇంగ్లిష్ లెక్చరర్‌ని. చిన్నప్పుడు నేనూ ఇలాగే వెళ్లొచ్చాను, మిన్నెసోటాకి. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వెళ్లే పిల్లలతోనూ, తిరిగొచ్చిన వాళ్లతోనూ, వాళ్ల అమ్మానాన్నలతోనూ చాలా ఏళ్లుగా కూర్చుని మాట్లాడుతున్నాను. ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

మీ అమ్మాయి ఆ పది నెలలు ఎలా బతికిందో ఒకసారి తలచుకోండి. తన బట్టలు తనే ఉతుక్కుంది. భోజనాలయ్యాక గిన్నెలు సర్దడం ఆమె వంతు. స్కూల్లో ఏ సబ్జెక్టులు తీసుకోవాలో కౌన్సెలర్ ముందు కూర్చుని తనే చెప్పింది. నెలనెలా చేతికొచ్చే కొద్దిపాటి డబ్బుకి లెక్క తనే చూసుకుంది. తను ఉన్న ఇంటి ఆవిడకి, అంటే హోస్ట్ తల్లికి కోపమొస్తే ఎందుకొచ్చిందో అడిగి, పరాయి భాషలో మాట్లాడి సర్దుకుంది. పదిహేను, పదహారేళ్ల పిల్లకి ఇవి చిన్న పనులు కావు. ఇంటికొచ్చిన రోజు నుంచి ఏం జరిగింది? "నువ్వేం ముట్టుకోకు తల్లీ, చదువుకో చాలు" అన్నారు. కంచంలో అన్నీ వడ్డించి పెట్టారు. ఏ కాలేజీయో, ఏ గ్రూపో పెద్దవాళ్లు మాట్లాడుకుని తేల్చారు. అదంతా ప్రేమతోనే చేశారని నాకు తెలుసు. కానీ ఆ పిల్లకి మాత్రం తను పెరిగిందని ఇంట్లో ఎవరూ చూడలేదనిపిస్తుంది.

నా దగ్గరికొచ్చిన పిల్లల నోట "అమెరికా గుర్తొస్తోంది" అన్న మాట కన్నా ఎక్కువగా విన్న మాట ఇంకొకటుంది: "అక్కడ నన్ను నమ్మేవాళ్లు మేడమ్." వాళ్లకి బెంగ అక్కడి రోడ్ల మీదా మంచు మీదా కాదు. అక్కడ తాము ఎలాంటి మనుషులుగా ఉన్నారో, దాని మీద.

అందుకని నిజమైన పనులు చెప్పండి. మీ వ్యవసాయం ఖాతా పుస్తకమో దుకాణం లెక్కలో ఆమెకివ్వండి. ఇంట్లో పెద్దవాళ్లకి బీపీ, షుగర్ మందులుంటే ఏది ఎప్పుడు అయిపోతుందో చూసి తెప్పించే పని, ఆసుపత్రికి తోడు వెళ్లి డాక్టర్‌తో మాట్లాడే పని ఆమెకి అప్పగించండి. ఆదివారం వంట వదిలేయండి, అక్కడ నేర్చుకున్నది వండి పెడుతుంది, బాగోకపోయినా తినండి. పని ఇచ్చాక వెనకాలే నిలబడొద్దు. రెండుసార్లు తప్పు చేస్తే చేయనివ్వండి.

బయటికి పంపడం గురించి ఒక మాట. అక్కడ ఇష్టమొచ్చినట్టు తిరిగి వచ్చిందని బంధువులు అంటారు. అది నిజం కాదు. అమెరికాలో చిన్న ఊళ్లలో చాలాచోట్ల బస్సులుండవు. ఎక్స్ఛేంజ్ పిల్లలు కారు నడపడానికి ప్రోగ్రామ్ ఒప్పుకోదు. ఎక్కడికి పోవాలన్నా హోస్ట్ ఇంట్లోవాళ్లని ముందే అడిగి, ఎప్పుడొస్తారో చెప్పి, వాళ్లు దింపితే వెళ్లాలి. ఆ విషయంలో ఇక్కడే తేలిక. మీ ఊరి నుంచి శ్రీకాకుళానికి బస్సుంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ డబ్బులూ అక్కర్లేదు. ఆధార్ కార్డు పట్టుకుని ఒక్కదాన్నీ వెళ్లి బ్యాంకు పని చూసుకు రమ్మనండి. సముద్రాలు దాటి, విమానాలు మారి ఒంటరిగా వచ్చిన పిల్ల, శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో తప్పిపోదు.

ఇక, మొదటి రెండు వారాలు బాగుండి తర్వాత ఎందుకు మారిందన్నది. దీని మీద పరిశోధనలున్నాయి. 1955లో లిస్గార్డ్ అనే నార్వే పరిశోధకుడు, అమెరికా వెళ్లొచ్చిన ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్ అందుకున్నవాళ్లతో మాట్లాడి, కొత్త దేశంలో మొదట ఉత్సాహం, తర్వాత దిగులు, ఆ తర్వాత మెల్లగా సర్దుబాటు ఉంటాయని రాశాడు. 1963లో గల్లాహార్న్ దంపతులు, ఇంటికి తిరిగొచ్చాక కూడా అదే దిగుడూ ఎక్కుడూ మరోసారి వస్తాయని చెప్పారు. అందరికీ అచ్చం ఇలాగే జరగదని తర్వాత వచ్చినవాళ్లు చూపించారు, నేను చూసిన పిల్లల్లోనూ అందరూ ఒకేలా లేరు. కానీ మీ ఇంట్లో జరుగుతున్నది ఎవరికీ జరగని వింత కాదని మీకు తెలియాలనే ఇది చెప్తున్నాను.

నా లెక్కలో వెళ్లడం కన్నా రావడమే కష్టం. వెళ్లేటప్పుడు కష్టంగా ఉంటుందని అందరూ ముందే చెప్తారు, శిక్షణ ఇస్తారు. అక్కడున్నన్నాళ్లూ నెలనెలా ఎలా ఉన్నావని అడిగే మనిషి ఒకరుంటారు. వచ్చేటప్పుడు "ఇంటికేగా వెళ్తున్నావు" అంటారు. ఆ పిల్ల కూడా అదే అనుకుంటుంది. తీరా వచ్చాక తన ఇంట్లో తనకే కొత్తగా ఉంటే, తనలోనే ఏదో లోపముందని భయపడి నోరు మూసుకుంటుంది.

మన ప్రాంతంలో ఈ సంగతి తెలిసినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఎచ్చెర్ల మండలంలో తీరం వెంబడి ఒక ఊరి అబ్బాయి ఇలాగే వెళ్లొచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుంటే, వాళ్లమ్మ నాకు ఫోన్ చేసింది. ఆ అబ్బాయి మేనమామ ఏటా గుజరాత్‌లోని వీరావల్ వెళ్లి బోట్ల మీద పనిచేసి వచ్చే మనిషి. నేను చెప్పినవేవీ అబ్బాయి చెవికెక్కలేదు. మేనమామ మాత్రం, "ఇంటికొచ్చిన నెల్లాళ్లూ నానూ సుట్టం నాగే ఉంతాన్రా, ఏటి సెయ్యాలో తెలీదు" అన్నాడట. ఆ సాయంత్రం ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారని తల్లి చెప్పింది. మీ బంధువుల్లో హైదరాబాద్‌లోనో చెన్నైలోనో, గల్ఫ్‌లోనో ఏళ్ల తరబడి ఉండి వచ్చినవాళ్లుంటే మీ అమ్మాయిని వాళ్ల దగ్గర కూర్చోబెట్టండి. చదువుకున్నవాళ్లే అయి ఉండక్కర్లేదు.

ఫోన్ సంగతి. ఆ హోస్ట్ కుటుంబానికి పిల్లని ఉంచుకున్నందుకు డబ్బులివ్వరు. ఇలాంటి స్కాలర్‌షిప్‌ల్లో వాళ్లు స్వచ్ఛందంగా, తమ ఖర్చుతో ఇంట్లో పెట్టుకుంటారు. పది నెలలు అన్నం పెట్టి, జ్వరమొస్తే చూసుకున్న మనుషులు. వాళ్లతో మాటలు ఒక్కసారిగా తెంచేస్తే మీ అమ్మాయి మీ మీద కోపం పెంచుకుంటుంది తప్ప మీకు దగ్గరవదు. అసలు ఇబ్బంది వేళది. అయోవాకీ మనకీ వేసవిలో పదిన్నర గంటలు, నవంబర్ మొదటి ఆదివారం తర్వాత పదకొండున్నర గంటలు తేడా. అక్కడి స్నేహితులు మధ్యాహ్నం మూడింటికి బడి నుంచి వచ్చేసరికి మనకి అర్ధరాత్రి దాటి ఒంటిగంటన్నర. అందుకే మెలకువగా ఉంటోంది. మన ఉదయం ఆరున్నరకి అక్కడ ముందురోజు రాత్రి ఎనిమిది, వాళ్లింట్లో భోజనాలయి తీరిగ్గా ఉండే వేళ. మాటలన్నీ ఆ టైముకి మార్చుకోమని అడగండి. మన ఆదివారం పొద్దున వాళ్లకి శనివారం సాయంత్రం, ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు. నిద్ర సరిపడా పడితే పగటి విసుగు సగం తగ్గుతుంది.

మీ ఇంటావిడకి ఇంకో మాట చెప్పండి. అమ్మాయి అక్కడి ఆవిడని "మామ్" అని పిలిస్తే ఏ తల్లికైనా గుండెలో కలుక్కుమంటుంది. బొబ్బిలిలో ఒక తల్లి నా ముందే ఏడ్చింది. ఆవిడ చేసిన పని చాలా తెలివైనది. వీడియో కాల్‌లో తనే కూర్చుని, కూతుర్ని మధ్యలో పెట్టుకుని ఆ హోస్ట్ తల్లితో మాట్లాడింది. ఇద్దరూ ఆ పిల్ల తిండి గురించీ మొండితనం గురించీ చెప్పుకున్నారు. రెండు ఇళ్లు ఒకరినొకరు చూసుకున్నాక ఆ అమ్మాయి ఏదో ఒక పక్షం ఎంచుకోవాల్సిన అవసరం లేకపోయింది. అప్పటి నుంచి ఇంట్లో మాట్లాడటం మొదలైంది.

మాట్లాడటం అంటే గుర్తొచ్చింది. చుట్టాలందరూ అడిగేవి మూడే ప్రశ్నలు: ఎంత ఖర్చయింది, ఏం తిన్నావు, మళ్లీ ఎప్పుడెళ్తావు. అక్కడితో అయిపోతుంది. పది నెలల కథ ఆ పిల్ల కడుపులో ఉండిపోతుంది. "అమెరికా ఎలా ఉంది?" అని అడిగితే "బాగుంది" అనే చెప్తుంది, అంత పెద్ద ప్రశ్నకి ఎవరైనా ఏం చెప్తారు? చిన్న ప్రశ్నలు వేయండి. వాళ్లింట్లో పొద్దున్నే ముందు ఎవరు లేచేవారు? మొదటిసారి మంచు పడిన రోజు ఏం చేశారు? స్కూల్లో మధ్యాహ్నం ఎవరి పక్కన కూర్చునేదానివి? కొన్నాళ్లయ్యాక, అక్కడ నీకు ఎవరితో పడలేదు, ఏ రోజు బాగా ఏడ్చావు అని అడగండి. నా అనుభవంలో చివరి ప్రశ్నకే అసలు తలుపులు తెరుచుకుంటాయి. ఎందుకంటే కష్టపడిన సంగతి చెప్తే "మేం ముందే వద్దన్నాం కదా" అంటారని పిల్లలు దాచేస్తారు. మంచివి మాత్రమే చెప్పీ చెప్పీ అమెరికా అంతా మంచే అన్నట్టు వాళ్లకే అనిపించడం మొదలవుతుంది.

పొగరు అన్న మాట గురించి కూడా చెప్పాలి. అమ్మ కాఫీ ఇస్తే థాంక్యూ అనడం, వద్దనుకున్నది సూటిగా వద్దనడం, గది తలుపు వేసుకోవడం అక్కడ మర్యాదే. ఇక్కడ ఎడంగా కనిపిస్తాయి. బంధువుల ముందు మీరు పిల్ల తరఫున నిలబడండి, ఇంట్లో విడిగా ఆమెకి చెప్పండి. పిల్లలకి కూడా నేనో మాట గట్టిగా చెప్తాను: నలుగురిలో "అక్కడైతే..." అని మొదలుపెట్టకండి. ఆ పోలిక ఎంత నిజమైనా ఎదుటివాళ్ల ఇంటినీ ఊరినీ చిన్నబుచ్చినట్టే వినిపిస్తుంది. రాసుకోండి, నాకు చెప్పండి, నాతో ఎంతైనా పోల్చుకోండి.

చదువు సంగతికి వస్తాను. రెసిడెన్షియల్ కాలేజీ ఇప్పుడు వద్దు. తెల్లవారుజాము నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్స్, వారంవారం ర్యాంకులు, ఫోన్ మాట్లాడటానికి కూడా వార్డెన్ అనుమతి. సొంతంగా నిర్ణయాలు తీసుకోవడం నేర్చుకుని వచ్చిన పిల్లని నేరుగా అందులో వేస్తే ఏమవుతుందో నేను దగ్గర్నుంచి చూశాను. సగంలో బయటికి వచ్చినవాళ్లున్నారు, ఉండిపోయి చదువు మీదే విరక్తి తెచ్చుకున్నవాళ్లున్నారు. ఇంటి నుంచి వెళ్లొచ్చే కాలేజీయే మేలు. లెక్కలు, ఫిజిక్స్‌లో చేయి తప్పి ఉంటుంది, కొన్నాళ్లు ట్యూషన్ పెట్టించండి. తనతో పదో తరగతి చదివినవాళ్లు ఇప్పుడు సీనియర్ ఇంటర్‌లో ఉంటారు. ఆ బాధ ఆమెకి ఉంటుంది, మీరు మాత్రం "ఒక ఏడాది పోయింది" అన్న మాట ఆమె వినేలా ఎప్పుడూ అనకండి. గ్రూపు ఎవరు ఎంచారో కూడా ఒకసారి ఆలోచించండి. వెళ్లకముందు ఎంపీసీ అన్న పిల్ల వచ్చాక బైపీసీయో సీఈసీయో అనొచ్చు. అడిగి, కారణం బాగుంటే, కాలేజీలో మార్పుకి వీలున్నప్పుడే మార్పించండి.

కాగితాలు చాలామంది పట్టించుకోరు, రెండేళ్ల తర్వాత పరుగులు పెడతారు. అక్కడి స్కూల్ ఇచ్చే మార్కుల పత్రం, ట్రాన్‌స్క్రిప్ట్ అంటారు, సీలు చేసిన కవర్లో రెండు కాపీలు ఇప్పుడే తెప్పించుకోండి. పైచదువుకి విదేశాలకి దరఖాస్తు చేస్తే అడుగుతారు. అన్నిటికన్నా ముఖ్యం స్థానికత. ఈఏపీసెట్ లాంటి ప్రవేశాల్లో ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతం లోకల్ అనిపించుకోవాలంటే, ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లు వరుసగా ఈ ప్రాంతంలో చదివి ఉండాలన్నది మొదటి నిబంధన. సీనియర్ ఇంటర్, జూనియర్ ఇంటర్, అమెరికా ఏడాది, పదో తరగతి అని వెనక్కి లెక్కపెట్టండి, మధ్యలో ఖాళీ కనిపిస్తుంది. అలాంటప్పుడు ఏ నిబంధన వర్తిస్తుందో ముందే కనుక్కోవాలి. తహసీల్దార్ కార్యాలయం నుంచి నివాస ధ్రువపత్రం కావాలేమో కూడా అడగండి. కౌన్సెలింగ్ వేళ ఈ మాట ఎత్తితే టెన్షన్ తప్పదు. ప్రోగ్రామ్ వాళ్లు ఇచ్చిన సర్టిఫికెట్, పాస్‌పోర్టులో రాకపోకల ముద్రల కాపీలు పట్టుకుని ఇప్పుడే ప్రిన్సిపాల్‌గారినీ తహసీల్దార్ కార్యాలయంలోనూ అడిగి ఉంచండి.

ఇంటి పనుల గురించి చెప్పాను, ఊరి పని కూడా ఒకటి ఉంటే ఇంకా మంచిది. ఉద్దానం వైపు ఒక అబ్బాయి 2018 జూన్‌లో తిరిగొచ్చాడు. సెప్టెంబర్ దాకా అచ్చం మీ అమ్మాయిలాగే ఉన్నాడు. అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. వాళ్ల ఊళ్లో కొబ్బరి, జీడి తోటలు వేళ్లతో సహా లేచిపోయాయి. కరెంటు లేదు, నీళ్లు లేవు. అక్కడ స్కూల్లో వాలంటీర్ పని చేసిన అలవాటుతో ఈ అబ్బాయి నోటుపుస్తకం పట్టుకుని ఇంటింటికీ తిరిగాడు. ఎవరి ఇల్లు పడింది, ఎవరికి ఎన్ని చెట్లు పోయాయి, ఎవరింట్లో కదల్లేని ముసలివాళ్లున్నారు అని రాశాడు. నష్టం నమోదుకి అధికారులు వచ్చినప్పుడు ఆ పుస్తకం బాగా ఉపయోగపడింది, చదువురాని పెద్దవాళ్ల ఫారాలు తనే నింపాడు. ఆ నెల రోజుల్లో ఊరివాళ్లు అతన్ని అమెరికా గుంటడు అనడం మానేసి పేరు పెట్టి పిలిచారు. దాంతో చదువు కష్టాలు తీరిపోలేదు, ఇంటర్ గట్టెక్కడానికి చాలా అవస్థ పడ్డాడు. కానీ ఇంట్లో ముడుచుకుని కూర్చోవడం మాత్రం ఆగిపోయింది.

తుపాను రానక్కర్లేదు లెండి. మీ అమ్మాయి చదివిన హైస్కూల్ హెడ్మాస్టర్‌గారిని కలవండి. శనివారం ఒక గంట పిల్లలతో ఇంగ్లిష్‌లో మాట్లాడించే పనీ, స్కాలర్‌షిప్‌కి దరఖాస్తు ఎలా చేయాలో తొమ్మిది, పది తరగతుల వాళ్లకి చెప్పే పనీ ఆమెకిమ్మని అడగండి. విజయనగరంలో ఒక అమ్మాయి కాలేజీలో ఇంగ్లిష్ మాట్లాడితే యాస చూసి తోటివాళ్లు నవ్వారని క్లాసులో నోరే విప్పేది కాదు. ఆరో తరగతి పిల్లలకి కథలు చదివి వినిపించడం మొదలుపెట్టాక మెల్లగా మళ్లీ మాట్లాడింది. చిన్నపిల్లలు యాస పట్టించుకోరు, కథ తర్వాత ఏమైందనే అడుగుతారు.

ఒక హెచ్చరిక. పైన చెప్పినవన్నీ మామూలు దిగులుకి. రెండు వారాలకి మించి సరిగా తినకపోయినా, నిద్ర లేకపోయినా, ఇష్టమైనవన్నీ వదిలేసినా, అక్కడి స్నేహితులతో కూడా మాట్లాడటం మానేసినా, బతకడం ఎందుకన్న మాట ఒక్కసారి నోట వచ్చినా ఆలస్యం చేయకుండా సైకియాట్రిస్ట్‌కి చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. అక్కడ ఎవరైనా ఆమెని బాధపెట్టారేమో కూడా నెమ్మదిగా, తల్లి ఒక్కతే ఉన్నప్పుడు అడగండి. అలాంటిదేమైనా ఉంటే తప్పు ఆమెది కాదని ముందు చెప్పండి, ఆ తర్వాత ప్రోగ్రామ్ వాళ్లకి తెలియజేయండి.

చివరిగా, మళ్లీ వెళ్తానంటున్న మాట. "కుదరదు" అని కొట్టేయకండి, "సరే పంపిస్తాం" అని తేలిగ్గా మాటా ఇవ్వకండి. కూర్చోబెట్టి లెక్కలు వేయండి. ఆమె వెళ్లింది 2002లో అమెరికా ప్రభుత్వం మొదలుపెట్టిన కెన్నెడీ-లూగర్ యూత్ ఎక్స్ఛేంజ్ లాంటి ప్రభుత్వ ఖర్చు మీద నడిచే స్కాలర్‌షిప్ అయితే, ఎక్స్ఛేంజ్ వాళ్లకిచ్చే జే-1 వీసా మీద వెళ్లి ఉంటుంది. అలాంటివాళ్లకి సాధారణంగా అమెరికా వలస చట్టంలోని సెక్షన్ 212(ఇ) వర్తిస్తుంది. అంటే మొత్తం మీద రెండేళ్లు మన దేశంలో ఉంటే గానీ హెచ్-1బీ లాంటి ఉద్యోగ వీసాకీ గ్రీన్ కార్డుకీ అర్హత రాదు. చదువుకోవడానికి వెళ్లే ఎఫ్-1 వీసాకి ఈ నిబంధన అడ్డు కాదు. ఆమెకి ఇక్కడ ఇంటర్ రెండేళ్లు ఎలాగూ ఉంది, ఆ రెండేళ్లు ఆ లెక్కలోకే వస్తాయి. ఈ సంగతి చెప్తే, ఇక్కడ ఉండటం శిక్ష కాదనీ దారిలో భాగమేననీ ఆమెకే తెలుస్తుంది. డిగ్రీ అక్కడ చేయాలంటే పూర్తి స్కాలర్‌షిప్‌లు తక్కువ, పోటీ ఎక్కువ. మంచి ఇంటర్ మార్కులూ, ఇక్కడ తను చేసిన పనులూ రెండూ చూస్తారు. ఎక్కడ, ఎంత ఖర్చు, ఏ గడువులోగా అన్నది ఆమెనే వెతికి ఒక కాగితం మీద రాసి మీకు చూపించమనండి. ఈలోగా పాస్‌పోర్టు తీసి ఆ జే-1 వీసా కింద 212(ఇ) అని ఏమైనా రాసి ఉందేమో ఇద్దరూ కలిసి చూడండి. జే-1 వీసా కోసం ప్రోగ్రామ్ వాళ్లు ఇచ్చిన డీఎస్-2019 అనే కాగితం కూడా ఉంటుంది, దాన్ని పారేయకుండా భద్రం చేయండి.